కార్గిల్ నుంచి వచ్చిన హవల్దార్ పాత్ర: అతని మనసును ఎలా రాయాలి?

కొబ్బరితోట: నా నవలలో సూర్యారావు ఆర్టిలరీ, అంటే ఫిరంగి దళం మనిషి. 1999 కార్గిల్ యుద్ధంలో ద్రాస్‌లో బోఫోర్స్ ఫిరంగి దగ్గర పనిచేశాడు, 2009లో పెన్షన్‌ మీద ఊరొచ్చాడు. ఇంట్లో భార్య, పదేళ్ల కూతురు. రాత్రి అరుస్తూ లేవడం తప్ప నాకేమీ తోచడం లేదు. తెలిసినవాళ్లు చెప్పండి.

గోల్కొండ_గన్నర్: అరుపుతో మొదలుపెట్టకండి. గన్నర్‌కి, అంటే ఫిరంగి పేల్చేవాడికి, శత్రువు మొహం కనబడదు, అతని భయమంతా అటునుంచి వచ్చి పడే గుండు గురించే. శ్రీనగర్–లేహ్ రోడ్డు శిఖరాల మీద కూర్చున్న పాకిస్తానీ సైనికులకు స్పష్టంగా కనిపించేది. వాళ్లు చెప్పే గురికి అటు ఫిరంగులు పేలేవి. కాబట్టి సూర్యారావును ఉలిక్కిపడేలా చేసేది తుపాకీ చప్పుడే కానక్కర్లేదు. ఇసుక దింపాక ట్రాక్టర్ ట్రక్కు వెనక తలుపు ధన్‌మని పడితే చాలు, చేతిలో కాఫీ గ్లాసు ఒలుకుతుంది. ఒలికిన కాఫీకి భార్య మీద విసుక్కుంటాడు. ఇంట్లోవాళ్లకు కనబడేది ఆ కోపమే, దాని వెనకున్న భయం కాదు.

ఇంకోటి, ఫిరంగి దగ్గర పనిచేసినవాళ్లకు చెవిలో గుయ్యిమనే మోత చాలామందికి ఉంటుంది. నిశ్శబ్దంగా ఉంటే అది పెద్దదవుతుంది. అందుకే టీవీ పెట్టుకుని పడుకుంటాడు.

విశాఖ_సైకియాట్రీ: గన్నర్ గారు చెప్పింది నిజం. పీటీఎస్‌డీలో (ఘోరమైన అనుభవం తర్వాత మనసుకు పట్టే జబ్బులో) నాలుగు పాయలుంటాయి: జ్ఞాపకం పదేపదే తోసుకురావడం, దాన్ని గుర్తుచేసేవాటిని తప్పించుకోవడం, మనసు మొద్దుబారి తనని తాను నిందించుకోవడం, ఎప్పుడూ కాపలా కాస్తున్నట్టు ఉండడం. కథకులు మొదటిదాన్నే పట్టుకుంటారు. సంసారాన్ని చెడగొట్టేది రెండోది, మూడోది. పెళ్లిళ్లకు వెళ్లడు, వెళ్లినా గోడకు ఆనుకుని, గుమ్మం కనబడేచోట కూర్చుంటాడు. కూతురు పరిగెత్తుకొచ్చి గెలిచిన కప్పు చూపిస్తే సంతోషం రాదు, రానందుకు సిగ్గుపడతాడు.

మిలటరీ క్యాంటీన్ రమ్ము కథలోకి తప్పక వస్తుంది కదా, అది ఎలా పనిచేస్తుందో సరిగ్గా రాయండి. తాగితే త్వరగా నిద్ర పడుతుంది. మత్తు దిగేకొద్దీ, తెల్లవారుజామున, కలల నిద్ర ఎక్కువై పీడకలలు ముదురుతాయి. మర్నాడు ఇంకో పెగ్గు.

వైద్యం: సెర్ట్రలిన్ అనే మాత్ర 25 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి పెంచుతారు. గుణం తెలియడానికి నాలుగు నుంచి ఆరు వారాలు. పది రోజులకే "పనిచెయ్యట్లేదు" అని మానేస్తారు, తప్పు జరిగేది అక్కడే. అల్‌ప్రాజోలమ్ వంటి నిద్రమాత్రలు ఈ జబ్బుకు మంచివి కావు.

మాటల వైద్యం వారానికోసారి, ఒక్కోసారి గంటన్నర, 8 నుంచి 15 సార్లు. తప్పించుకునేవాటికి, ఒక్కోటి ఎంత భయమో, సున్నా నుంచి వంద వరకు మార్కులు వేయిస్తారు. సినిమా హాల్లో మధ్య సీటు 40, సంత 60, దీపావళి రాత్రి వాకిట్లో నిలబడడం 95. కింది నుంచి ఎక్కించాలి. భయం తగ్గేదాకా అక్కడే ఉండాలి. భయం పతాకస్థాయిలో ఉన్నప్పుడు లేచి వచ్చేస్తే, "పారిపోతేనే బతికాను" అని మెదడు నేర్చుకుంటుంది.

మాధవరం_అల్లుడు: సూర్యారావు సర్వీసులో ఉండగా ఈ బాధ ఎందుకు చెప్పలేదని పాఠకులు అడుగుతారు. సైన్యంలో ఆరోగ్యాన్ని బట్టి ఇచ్చే మెడికల్ కేటగిరీ 'షేప్' (SHAPE)లో ఎస్ అంటే మానసిక స్థితి. అది దిగితే ప్రమోషన్‌కి, తర్వాత డీఎస్‌సీలో (డిఫెన్స్ సెక్యూరిటీ కోర్‌లో) చేరడానికి ఇబ్బంది. అందుకని నోరు మెదపరు. 2009 నాటికి ఈసీహెచ్ఎస్ (మాజీ సైనికుల వైద్య పథకం) ఉంది. మానసిక సహాయానికి ఫోన్ చేసే టెలీ మానస్ 14416 మాత్రం 2022లో వచ్చింది, నవలలో పెట్టకండి.

కొబ్బరితోట: చాలా థాంక్సండీ. రాత్రి కల వస్తే భార్య ఏం చెయ్యాలి?

విశాఖ_సైకియాట్రీ: భుజం పట్టి కుదపకూడదు, మగతలో చెయ్యి విసురుతాడు. లైటు వేసి, మంచం కాళ్ల వైపు నిలబడి, పేరో, రోజూ పిలిచే పిలుపో పిలవాలి. "ఇది మనిల్లు, పాప పక్కగదిలో ఉంది" అని చెప్పాలి. కాళ్లు చల్లటి గచ్చు మీద పెట్టించాలి. ఏం కల వచ్చిందని అప్పుడే అడగొద్దు.