హాస్టల్ పిల్లల ట్యాబ్‌ల మీద నిఘా పెట్టాలా, చేతికి ఒక ఫోను ఇవ్వాలా?

లెక్కల మాస్టారు (గుంటూరు జిల్లా)
మాది రెసిడెన్షియల్ జూనియర్ కళాశాల. పిల్లలు ట్యాబ్‌లో టైపు చేసేదంతా చదివి, బతుకు మీద విరక్తి కనిపిస్తే హెచ్చరిక పంపే సాఫ్ట్‌వేర్ కొందామా అని యాజమాన్యం మమ్మల్ని అడుగుతోంది. నేను కొనాలనే అంటాను. ఆ మధ్య ఒక అబ్బాయి రాత్రి స్టడీ అవర్‌లో, సందేహాలు రాసే చోట, త్రికోణమితి లెక్క కింద ఇలా రాశాడు: "సార్, నేను లేకపోతే మా నాన్న అప్పు తగ్గుతుందా?" దాన్ని నేను చూసింది మూడు రోజుల తరువాత. ఆ మూడు రోజులూ వాడు మొదటి బెంచీలోనే కూర్చున్నాడు, అడిగినవాటికి జవాబులు చెప్పాడు. దేవుడి దయ వల్ల ఇప్పుడు కులాసాగా ఉన్నాడు. అంతస్తుకు రెండు వందల మంది, వార్డెన్ ఒక్కరు. మా కళ్లకు అందనిది యంత్రమైనా చూస్తుంది కదా.

డాలస్ అమ్మ
మాస్టారూ, మా అమ్మాయికి బడివాళ్లు ఇచ్చిన ల్యాప్‌టాప్‌లో అలాంటిదే ఉంది. తను ఒక కథ రాసుకుంటోంది, అందులో ఒక పాత్ర చనిపోతుంది. రాత్రి తొమ్మిదింటికి బడి నుంచి ఫోను. వాళ్లు మర్యాదగానే మాట్లాడారు. కానీ ఆ రోజు నుంచి అమ్మాయి అందులో పాఠం తప్ప ఏమీ రాయదు. నోటు పుస్తకంలో రాసి పరుపు కింద పెడుతోంది.

మరో మాట. మనం నవ్వు ఆగకపోయినా "చచ్చిపోయాను" అంటాం, ఎండకూ "చచ్చిపోతున్నాను" అంటాం. నిజంగా కుంగిపోయినవాళ్లు చాలాసార్లు ఆ మాటే ఎత్తరు, "అందరికీ బరువైపోయాను" అంటారు. పైగా పిల్లలు తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తారు. మీ అబ్బాయి వాక్యంలో చావు అన్న మాటే లేదు, గమనించారా?

కౌన్సెలర్ (విశాఖపట్నం)
యూరప్‌లో పది దేశాల్లోని 168 బడుల్లో, 11 వేల మందికి పైగా పిల్లలతో జరిగిన ఒక పరిశోధన 2015లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. కొన్ని బడుల్లో ప్రశ్నావళితో ప్రమాదంలో ఉన్నవారిని గుర్తించి నిపుణుల దగ్గరికి పంపారు. కొన్నింటిలో సిబ్బందికి శిక్షణ ఇచ్చారు. మరికొన్నింటిలో నాలుగు వారాల్లో ఐదు గంటల పాటు పిల్లలే తమ కష్టాల గురించి మాట్లాడుకున్నారు, వాటిని నాటికలుగా ఆడారు. ఏడాది తరువాత ఆత్మహత్యా ప్రయత్నాలు స్పష్టంగా తగ్గింది ఈ మూడో పద్ధతిలోనే.

మా ఊళ్లో 2023లో చనిపోయిన ఒక నీట్ విద్యార్థిని కేసులో సుప్రీంకోర్టు 2025 జులైలో మార్గదర్శకాలు ఇచ్చింది. వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న సంస్థలో అర్హత ఉన్న కౌన్సెలర్ ఒకరైనా ఉండాలి. హాస్టళ్లలో, తరగతి గదుల్లో టెలిమానస్ వంటి హెల్ప్‌లైన్ల నంబర్లు పెద్ద అక్షరాలతో పెట్టాలి. టెలిమానస్ అంటే మనసు బాగోలేనప్పుడు మాట్లాడడానికి ప్రభుత్వం పెట్టిన హెల్ప్‌లైన్. నంబరు 14416. 2022 నుంచి ఉంది. ఉచితం, ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది, తెలుగులోనూ మాట్లాడతారు. కానీ ఫోనే ముట్టనివ్వని హాస్టల్ గోడ మీద ఆ నంబరు ఎవరి కోసం? తలుపున్న చిన్న గదిలో ఒక ఫోను పెట్టండి. నా దృష్టిలో అదే మొదటి డిజిటల్ సాధనం.

పాత విద్యార్థి
మా హాస్టల్‌లో ఆదివారం ఫోను కోసం గంటన్నర వరుసలో నిలబడేవాళ్లం. స్పీకర్ ఆన్ చేసి, వార్డెన్ పక్కనే నిలబడి ఉండేవారు. రెండేళ్లూ "బాగున్నానమ్మా" అన్న ఒక్క మాటే చెప్పాను. నేను పరీక్ష రాసింది 2019లో. ఆ ఏడాది తెలంగాణ ఇంటర్ ఫలితాల్లో, తెలుగులో 99 రావలసిన అమ్మాయికి సున్నా వేశారు. ఆ ఫలితాల తరువాత ఇరవై మందికి పైగా విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారు. అలాంటి తప్పే ఈ హెచ్చరికల్లో జరిగితే ఎవరు చూస్తారు?

లెక్కల మాస్టారు
ఫోను పెట్టాలనే మాటకు ఒప్పుకుంటున్నాను. కానీ మా అబ్బాయి ఏ నంబరుకూ ఫోను చేసేవాడు కాదు, ఖాయంగా చెప్పగలను. అలాంటివాడి సంగతి ఏమిటి?

కౌన్సెలర్ (విశాఖపట్నం)
మాస్టారూ, అతడు మీకు ఉత్తరమే రాశాడు. "సార్" అని మొదలుపెట్టాడు. మీరు చదువుతారని తెలిసే అక్కడ రాశాడు. దొంగచాటుగా చదవడం వేరు, మన పేరున రాసినదాన్ని సకాలంలో చదవడం వేరు. ఎవరు చదువుతారో, ఎప్పుడు చదువుతారో పిల్లలకు ముందే చెప్పండి. చదివాక పక్కన కూర్చుని "చనిపోవాలని అనిపిస్తోందా?" అని సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్న భయం అక్కర్లేదు. ఆ తరువాత ఒంటరిగా వదలకండి. ఇంతకీ ఆ సాఫ్ట్‌వేర్ హెచ్చరిక రాత్రి రెండింటికి వస్తే మోగేది ఎవరి ఫోను?

లెక్కల మాస్టారు
కంపెనీవాళ్లను అడిగాను. ఆఫీసు ఈమెయిల్‌కు వెళ్తుందట. మా ఆఫీసు సాయంత్రం ఐదింటికి మూస్తారు. కొనుగోలు సంగతి వచ్చే సమావేశానికి వాయిదా వేయించాను, తలుపున్న ఫోను గది గురించి కూడా అక్కడే అడుగుతాను. ఈలోగా సందేహాలు రాసే చోటును రోజూ రాత్రి పదింటికి చదవడానికి నలుగురం వంతులు వేసుకున్నాం. పిల్లలకు ఈ ఉదయం ప్రార్థనలో చెప్పాను. మొదటి వారం నాది.