గట్టు మీద పూలు వేస్తే మిత్ర పురుగులు పొలంలోకి దిగుతాయా?

గట్టుగాలి:
గట్ల మీద బంతి, నువ్వులు వేయండి, మిత్ర పురుగులే దోమను (పంట రసం పీల్చే పురుగు, మనల్ని కుట్టేది కాదు) తినేస్తాయి అని అందరిదీ ఒకటే పాట. గట్టు మీద బోలెడు కనిపిస్తాయి, కాదనను. పొలం నడిమధ్యలో దిగి చూశారా ఎవరైనా? తిండి గట్టు మీదే దొరుకుతుంటే లోపలికెందుకు వస్తాయండీ?

సాలెగూడు:
అన్నిటినీ ఒకే గాటన కట్టేస్తే ఎలా? నేల మీద పాకే పెంకు పురుగు ఎంతో దూరం పోలేదు, సాలీడు పిల్ల అయితే సన్నటి దారం వదిలి గాలిలో తేలుతూ పొలాలకు పొలాలే దాటేస్తుంది. (సాలీడు పురుగు కాదని ఎవరూ గొడవకు రావొద్దు, తెలుసు.) సిర్ఫిడ్ ఈగ పూల దగ్గర తేనె తాగినా గుడ్లు పెట్టేది పేనుబంక (మొక్కల రసం పీల్చే చిన్న పురుగులు) గుంపుల దగ్గరే, ఆ పేనుబంకను తినేది దాని పిల్ల పురుగు కాబట్టి. దానికి గట్టూ కావాలి, పొలమూ కావాలి.

లెక్కలరాయుడు:
2018లో 132 అధ్యయనాల లెక్కలు, 6,759 చోట్లవి, కలిపి చూశారు. పొలాల చుట్టూ చెట్టూ చేమా ఎక్కువుంటే పంటను తినే పురుగు తగ్గిన చోట్లున్నాయి, పెరిగిన చోట్లూ ఉన్నాయి. గట్టు పూల తేనె శత్రు పురుగుల్లో రెక్కలొచ్చిన వాటికీ పనికొస్తుందిగా! పైగా మిత్రుల్లో మిత్రులకే పడదు, అక్షింతల పురుగు గుడ్లను అల్లికరెక్కల పురుగు పిల్లలు తినేస్తాయి.

సాలెగూడు:
ఎన్ని ఉన్నాయన్నది కాదండీ, ఎవరు ముందొచ్చారన్నది చూడాలి. వరి మడిలో దోమ దిగకముందే, కుళ్లిన చెత్త మీద బతికే చిన్న చిన్న ఈగల్ని తిని సాలీళ్లు బలపడి ఉంటాయి, 1990ల్లో ఇండోనేషియాలోని జావా పొలాల్లో తేల్చిన సంగతిది. నాటిన కొత్తలోనే మందు కొట్టారా, ఆ కాపలా పోతుంది, సుడిదోమ (వరి రసం పీల్చే దోమ) గుడ్లు మాత్రం ఆకు తొడుగు లోపల భద్రంగా ఉంటాయి. పొదిగాక అడ్డేముంది? ఇండోనేషియా 1986లో వరికి 57 మందులు నిషేధించింది ఈ దెబ్బకే.

గట్టుగాలి:
అంటే పూలు వేయడం కంటే మందు ఆపడం ముఖ్యమంటారు. సరే, నేను ఆపాను, పక్క పొలంలో కొట్టేశారు, అప్పుడో?

సాలెగూడు:
అప్పుడు మీ మడి నుంచే సాలీళ్లు అటు పోతాయి. దోమ కూడా ఎగిరే రకమే, అది ఇటు వస్తుంది. ఇద్దరూ మాట్లాడుకుని ఆపితే తప్ప గట్టు మీద ఎన్ని పూలున్నా నేను హామీ ఇవ్వలేను.