అప్‌డేట్: యాషికా మ్యాట్ 124జి స్లో స్పీడ్‌లు సరయ్యాయి

తాతయ్య పాత ఫిల్మ్ కెమెరా యాషికా మ్యాట్‌లో 1/15 సెకను కంటే నెమ్మది స్పీడ్‌లలో షట్టర్ తెరుచుకుని అలాగే ఉండిపోతోందని పోయిన నెల అడిగాను కదా, తేలింది. స్ప్రింగ్ పోయిందేమో చూడమని, బ్యాటరీ మార్చమని, ఇలా సలహా ఇచ్చిన అందరికీ థాంక్స్.

కారణం ఏళ్లనాటి జిడ్డు. షట్టర్ కవర్ తీసి, స్లో స్పీడ్ గేర్ల మీద సన్నని బ్రష్ కొసతో లైటర్ ఫ్లూయిడ్ ఒక్క చుక్క పెట్టి, 30 సార్లు షట్టర్ కొట్టాను. ఆ రోజు బాగానే ఉంది, మర్నాడు పొద్దున మళ్లీ మొరాయించింది! ఇంకో రెండుసార్లు శుభ్రం చేశాక నిలిచింది. ఫోన్‌లో సెకనుకి 240 ఫ్రేముల స్లో మోషన్ తీసి లెక్కపెడితే, 1 సెకను స్పీడ్‌లో షట్టర్ 251 ఫ్రేముల పాటు తెరిచి ఉంది, నాకది చాలు.

స్ప్రింగ్ బాగానే ఉంది. దీనికోసం బ్యాటరీ కొనడం దండగ. అది వెలుతురు కొలిచే మీటర్‌కే, షట్టర్‌కి దాంతో పనిలేదు. ఫ్లూయిడ్ మాత్రం ఎక్కువ పోయకండి, షట్టర్ బ్లేడ్ల మీదికి పాకుతుంది.