పాత డీఎస్-1కి స్విచ్ కోసం రంధ్రం చేయవచ్చా?

గాజువాక గిటార్:
మా మామయ్య షిప్పుల్లో పనిచేసే రోజుల్లో జపాన్‌లో కొన్న బాస్ కంపెనీ డీఎస్-1 డిస్టార్షన్ పెడల్ (గిటార్ శబ్దాన్ని గరుకుగా మార్చే, కాలితో తొక్కే పెట్టె) ఇప్పుడు నా దగ్గరకు వచ్చింది. 1980ల నాటిది, కింద మేడ్ ఇన్ జపాన్ అని ఉంది. ఇంట్లో ఒక్కణ్ణే వాయిస్తే బాగుంది. మద్దిలపాలెంలో ఫ్రెండ్ వాళ్ల మేడ మీద బ్యాండ్‌తో వాయిస్తే మాత్రం లీడ్ నోట్లు (సోలోలో వాయించే స్వరాలు) అణిగిపోతున్నాయి. అందుకే సిగ్నల్ కొసలు కోసి ఆ గరుకుదనం తెచ్చే క్లిప్పింగ్ డయోడ్లకు మూడు స్థానాల స్విచ్ పెడదామనుకుంటున్నాను. ఒక వైపు పాత సిలికాన్ డయోడ్లు, రెండో వైపు ఎర్ర ఎల్ఈడీలు, మధ్యలో ఏవీ లేకుండా. స్విచ్ బయటికి రావాలంటే పెడల్ పక్క గోడకు 6 మిల్లీమీటర్ల రంధ్రం చేయాలి. మామయ్య "వాయించడానికే కదరా, నీ ఇష్టం" అన్నాడు. నాకే చేతులు ఆడటం లేదు. చేయమంటారా, వద్దంటారా?

ఉప్పుగాలి:
వద్దు తమ్ముడూ. డీఎస్-1 మొదట వచ్చింది 1978లో. 1980ల చివర్లో తయారీ తైవాన్‌కు వెళ్లిపోయింది. అంటే జపాన్‌లో తయారైనవి ఎన్ని ఉన్నాయో అన్నే, కొత్తగా రావు. నీ పెడల్‌లో తోషిబా టీఏ7136 చిప్ ఉంటుంది. 1994 తర్వాత బాస్ దాన్ని మార్చేసింది.

రంధ్రం ఒక్కటే కాదు నా భయం. ఎల్ఈడీలు పనిచేయాలంటే పాత డయోడ్లను సర్క్యూట్ నుంచి విడదీయాలి. అవి అక్కడే ఉంటే సిలికాన్ 0.6 వోల్టుల దగ్గరే సిగ్నల్‌ను కోసేస్తుంది, ఎల్ఈడీ దాకా ఏదీ రాదు. నలభై ఏళ్ల బోర్డు మీద డయోడ్ ఊడదీయడం అంటే బోర్డు మీది సన్నటి రాగి గీత (ట్రాక్) లేచిపోయే ప్రమాదం ఉన్నట్టే. నా చేతిలోనే ఒక పాత పెడల్‌కు అలా జరిగింది. చిన్న తీగతో అతికించాను, పనిచేస్తోంది. కానీ తెరిచి చూసినప్పుడల్లా మనసు కలుక్కుమంటుంది.

ఇంకోటి, మన విశాఖ ఉప్పు గాలి. నేను లాసన్స్ బే దగ్గర ఉంటాను. డాబా గార్డెన్స్‌లో తెచ్చి పెట్టిన మామూలు టాగుల్ స్విచ్ రెండు వర్షాకాలాలు గడిచాక గరగరలాడింది. పెడల్‌కు ఉన్న జాక్‌లు, నాబ్‌లను కాపాడుకోవడమే కష్టంగా ఉంటే, తుప్పు పట్టడానికి ఇంకో చోటు మనమే ఇవ్వడం దేనికి?

టంకం పొగ:
ఉప్పుగాలి అన్న అనుభవాన్ని కాదనను. కానీ ఆ స్విచ్ పాడవడానికి గాలి ఎంత కారణమో, స్విచ్ రకం కూడా అంతే కారణం. మామూలు టాగుల్‌లో కాంటాక్టులు వెండి పూతవి. కరెంటు బాగా పారితే పైన పేరుకున్న పొర తెగిపోతుంది, గిటార్ సిగ్నల్‌కు ఆ బలం ఉండదు. బంగారు పూత కాంటాక్టులున్న చిన్న స్విచ్ తీసుకోవాలి. ధర కొంచెం ఎక్కువ, అంతే.

ఈ మార్పుకు డీఎస్-1 అనువైన సర్క్యూట్. ఆప్-ఆంప్ (సిగ్నల్‌ను పెంచే చిప్) తర్వాత 2.2 కిలో ఓమ్ రెసిస్టర్ దాటి, రెండు డయోడ్లు ఎదురెదురుగా గ్రౌండ్‌కు దిగుతాయి. స్విచ్ మధ్య కాలు సిగ్నల్‌కు, ఒక పక్క కాలికి పాత జత, ఇంకో పక్క కాలికి ఎల్ఈడీ జత, రెండు జతల రెండో చివర గ్రౌండ్‌కు. ఆ బిందువు దగ్గర ఇంపిడెన్స్ (సిగ్నల్‌కు ఎదురయ్యే అడ్డు) తక్కువ కాబట్టి నాలుగైదు అంగుళాల తీగ వేసినా హమ్ (గుయ్‌మనే మోత) పెద్దగా రాదు. ఇన్‌పుట్ తీగ పక్క నుంచి మాత్రం లాగకండి.

ఇంకోమాట. డయోడ్లన్నీ తీసేస్తే శబ్దం క్లీన్ అయిపోదు. ముందున్న ట్రాన్సిస్టర్, ఆప్-ఆంప్ అప్పటికే సిగ్నల్‌ను విరగ్గొట్టేసి ఉంటాయి. అక్కడొచ్చే గరుకుదనం వేరేగా ఉంటుంది, నాకది చాలా ఇష్టం. పెడల్ అద్దాల బీరువాలో పెట్టుకునే వస్తువు కాదు. వాయించేవాడికి కావలసినట్టు మార్చుకోవచ్చని నా నమ్మకం. వాళ్ల మామయ్యే సరేనన్నాక మనం అడ్డుపడటం న్యాయం కాదు.

సీతమ్మధార స్ట్రాట్:
డ్రిల్ దాకా వెళ్లకముందే ఒక్క విషయం చూడండి. మీ పెడల్ మీద అడాప్టర్ దగ్గర ఏసీఏ అని రాసి ఉందా? ఆ కాలం బాస్ పెడల్స్ 12 వోల్టుల పాత అడాప్టర్ కోసం చేసినవి. లోపల వోల్టేజీని తగ్గించే భాగాలు ఉంటాయి. ఇప్పటి 9 వోల్టుల అడాప్టర్ పెడితే సర్క్యూట్‌కు చేరేది ఇంకా తక్కువ. లైట్ మసకగా వెలుగుతుంది, శబ్దం నీరసంగా వస్తుంది. బ్యాటరీ పెడితే ఆ అడ్డు ఉండదు. నేను కొన్న సెకండ్‌హ్యాండ్ పెడల్‌తో నెల రోజులు ఇలాగే టెన్షన్ పడ్డాను, చిప్ పోయిందనుకుని.

రెండోది, ఎల్ఈడీ పెట్టగానే "అబ్బ, ఎంత తెరుచుకుంది!" అని అందరూ అంటారు. సిలికాన్ 0.65 వోల్టుల దగ్గర కోస్తే ఎర్ర ఎల్ఈడీ 1.7 దగ్గర కోస్తుంది. అంటే సుమారు 8 డెసిబెల్స్ ఎక్కువ శబ్దం. ఏది ఎక్కువ వినిపిస్తే అదే బాగుందని చెవి చెబుతుంది. స్విచ్ మార్చిన ప్రతిసారీ లెవెల్ నాబ్ తగ్గించి, రెండూ సమానంగా వినిపించేలా చేసి పోల్చండి. తేడా ఉంటుంది, కానీ అనుకున్నంత ఉండదు. పాట మధ్యలో స్విచ్ వేస్తే ఆ 8 డెసిబెల్స్ మిగతావాళ్ల మీద పడతాయి. అది మీకు కావాలా అన్నదే అసలు ప్రశ్న.

నాలుగో తీగ:
నేను బేస్ గిటార్ వాయిస్తాను. లీడ్ అణగడానికి డయోడ్లు కారణం కాదు. డీఎస్-1 టోన్ సర్క్యూట్ మధ్య స్వరాలను, సుమారు 500 హెర్ట్జ్ చుట్టుపక్కల, లోతుగా తవ్వేస్తుంది. గదిలో ఒంటరిగా ఉన్నప్పుడు అదే ఘనంగా ఉంటుంది. నేను, డ్రమ్మర్ వచ్చామా, గిటార్ నిలబడే చోటే ఖాళీ అయిపోతుంది. ఆంప్‌లో (యాంప్లిఫయర్‌లో) మిడిల్ నాబ్ పెంచి, పెడల్ టోన్ తగ్గించి చూడండి. ఖర్చు సున్నా.

గాజువాక గిటార్:
అందరికీ చాలా థాంక్స్. సీతమ్మధార అక్కా, మీరు చెప్పినట్టే ఏసీఏ అని ఉంది. నేను వాడేది మామూలు 9 వోల్టుల అడాప్టరే. నిన్న బ్యాటరీ పెట్టాను. లైట్ ప్రకాశంగా వెలిగింది, శబ్దంలో ప్రాణం వచ్చింది. ఆంప్ మిడిల్ కూడా పెంచాను, మా డ్రమ్మర్ తల ఊపాడు. కానీ నిజం చెబుతున్నా, లీడ్‌కు ఆ ఎల్ఈడీల విడుపు ఇంకా కావాలనే ఉంది. లెవెల్ పెరిగినా పరవాలేదు, లీడ్‌కు అదే కావాలి.

ఉప్పుగాలి:
అయితే రంధ్రం లేకుండా చేద్దాం. పైన తొక్కే మూత కింద బ్యాటరీ గది ఉంది కదా. బ్యాటరీ తీగలు వచ్చే దారిలోనే సన్నటి తీగలు లాగి, చిన్న స్విచ్‌ను ఆ గదిలో పెట్టవచ్చు. లోహానికి తగలకుండా టేపు చుట్టాలి. పాట మధ్యలో మార్చలేవు, బ్యాటరీకి చోటు ఉండదు కాబట్టి ఏసీఏకు సరిపోయే అడాప్టర్ చూసుకోవాలి. ట్రాక్ గురించి నా భయం మాత్రం అలాగే ఉంది.

టంకం పొగ:
పాట మధ్యలో మార్చలేకపోతే లీడ్‌కు ఏం ఉపయోగం అన్నా? నాకు ఒప్పుకోవాలనిపించడం లేదు. ఇలా చేద్దాం. నా దగ్గర తైవాన్ డీఎస్-1 ఉంది. దానికి ఇప్పటికే పక్కన స్విచ్ పెట్టాను. ఆదివారం ఎంవీపీ కాలనీలో మా ఇంటికి రా. రెండు పెడల్స్ పక్కపక్కన పెట్టి, లెవెల్ సమానం చేసి, బేస్‌తో కలిపి విందాం. నచ్చితే నాదే నెల రోజులు వాడుకో. మామయ్య పెడల్ సంగతి ఆ తర్వాత.

ఉప్పుగాలి:
ఆ తైవాన్ పెడల్ వినడానికి నేనూ వస్తాను. స్విచ్ కాంటాక్టులు చూడాలి.

గాజువాక గిటార్:
వస్తాను అన్నా. రెండు కొత్త బ్యాటరీలు, మామయ్య పెడల్ తెస్తాను. డ్రిల్ మాత్రం తేను.