బతుకమ్మ ప్లానింగ్: బ్యానర్ మీద "సహకారం" కింద ఎవరి పేర్లు పెడదాం?

హైదరాబాద్ నుంచి, సామాన్ల టీమ్:
అందరికీ నమస్తే. ఇక్కడ పొద్దున ఏడున్నర, మీకు డాలస్‌ల రాత్రి తొమ్మిది, అందుకే ఇప్పుడే పెడుతున్న, పండుకునేముందు ఒక్కసారి చూసి జవాబియ్యండి. ఛత్తా బజార్ ప్రెస్ అతను బ్యానర్ ప్రూఫ్ పంపిండు. రంగు, అక్షరాలు, తంగేడు పూల బొమ్మ అన్నీ మంచిగనే వచ్చినయి, కిరికిరంతా కింది వరుసతోటి. "సహకారం" అని పెద్దగ కొట్టి దాని కింద పైసలిచ్చినోళ్ల లోగోలన్నీ పెట్టిన్రు. సద్దులు చేసే అక్కలు, స్టేజి కట్టేటోళ్లు, పార్కింగ్ కాడ ఎండల నిలబడే పిల్లలు, వీళ్లందరు కలిపి చివర్ల "మరియు వాలంటీర్లు" అయిపోయిన్రు, అదిగూడ చదవాలంటే దగ్గరికి పోవాలె.

నాకైతే నచ్చలే. సహకారం అంటేనే కలిసి చేసుడు కదా, మరి చేసినోళ్లు ఏరి? ఇక్కడ వినాయక చవితికి ఏ గల్లీ మండపం ఫ్లెక్సీ చూసినా విగ్రహ దాత పేరు వేరే ఉంటది, అన్నదానం ఎవరిదో వేరే ఉంటది, నిర్వహణ అని కుర్రాళ్ల ఫొటోలు వేరే ఉంటయి (ఫొటోల గురించి నన్ను అడగకండి, అది వేరే కథ). మనం గూడ పైసలిచ్చినోళ్లకు "సౌజన్యం" అని పెట్టి, పని చేసేటోళ్లకు "సహకారం" పెడదాం అంటున్న. సాయంత్రం లోపు చెప్తే రేపు ప్రింట్ అయితది.

స్టేజి, సౌండ్ టీమ్:
అన్నా మీరు చెప్పింది కరెక్టే కానీ ఒక ఇబ్బంది ఉంది, స్పాన్సర్లకి మనం పంపిన మెసేజ్‌లోనే "మీ సహకారం కావాలి" అని రాశాం. మనవాళ్లకి ఆ మాట వినగానే చందా అడుగుతున్నారనే అర్థమవుతుంది, ఎవరూ చీపురు పట్టుకుని రమ్మన్నారనుకోరు. ఇప్పుడు బ్యానర్ మీద ఆ మాట తీసేస్తే మమ్మల్ని తగ్గించారని ఫీల్ అవుతారేమో, పైగా ఒకాయన ఇంకా సగమే ఇచ్చారు.

వంటల టీమ్:
తమ్ముడూ నా పేరు బ్యానర్ మీద ఉన్నా లేకున్నా నాకేం ఫరక్ పడదు. నాకు మనుషులు కావాలె. మైకుల "దయచేసి సహకరించండి" అన్నప్పుడల్లా దాని అర్థం లైన్ల నిలబడుండ్రి, గొడవ చెయ్యకుండ్రి అని, అంతే కదా? మన గ్రూపుల గూడ గట్లనే అయింది, "ఫుల్ సపోర్ట్ అక్కా", "అందరం కలిసి చేద్దాం అక్కా" అంటరు, కిందటిసారి పులిహోర గిన్నెలు కడిగేటప్పుడు సింకు కాడ నేను, మా ఆయన తప్ప పిట్ట లేదు. పెరుగన్నం, పులిహోర, నువ్వుల సద్ది, కొబ్బరి సద్ది, మలీద, ఇన్ని ఒక్క స్కూల్ కిచెన్ల నిలవెట్టుడు మాటలు కాదు. కొబ్బరి ఎవరు తురుముతరో ఇప్పుడే పేరు చెప్పుండ్రి.

రిజిస్ట్రేషన్ టీమ్:
నేను మధ్యలో దూరుతున్నా సారీ, మా అమ్మమ్మ వాళ్లది ముల్కనూర్ దగ్గర, అక్కడ 1956 నుంచి సహకార సంఘం నడుస్తోంది, అక్కడ ఎవరూ సహకారం అంటే సాయం అనుకోరు, వాటా కట్టినవాడే సభ్యుడు, వడ్లు అమ్మేది సంఘానికే, లాభం వస్తే పంచుకునేది కూడా వాళ్లే, లెక్క అడిగే హక్కు కూడా ఉంటుంది. అంటే డబ్బు పెట్టడం, పని చేయడం రెండూ అందులో ఉన్నాయి కాబట్టి స్పాన్సర్లని పూర్తిగా బయటికి తోసెయ్యక్కర్లేదు అంటాను. కానీ చెక్కు ఇచ్చి ముఖం చూపించని వాళ్లది సౌజన్యమే.

హైదరాబాద్ నుంచి, సామాన్ల టీమ్:
ఇది బాగుంది. ఎవరి లోగో సైజు తగ్గియ్యం, పైన "సౌజన్యం" అనే హెడ్డింగ్ ఒక్కటి మారుతది, సగమిచ్చినాయనకు స్టేజి టీమ్ ఒక ఫోన్ కొట్టి చెప్పండి. "సహకారం" కింద టీమ్ పేర్లు కాదు, మనుషుల పేర్లే, వంటలతోటి మొదలు.

అక్క చెప్పింది ఇంకా ముఖ్యం. షీట్ తెరిచి చూసిన, "ఎవరు" అనే కాలమ్‌ల సగం గడులల్ల "టీమ్" అనో "అందరం" అనో ఉంది, మిగిలిన దాంట్ల "కోఆర్డినేట్ చేస్తా" అని ఉంది. మంది ఎక్కువైతే మజ్జిగ పలచన అని ఊరికే అనలే. ఆ మాటలన్నీ కొట్టేస్తున్న. కొంట, తెస్త, మోస్త, కడుగుత, వీటిల ఏదో ఒకటి రాసి పక్కన ఒక్కరి పేరే పెట్టండి. కోఆర్డినేటర్ అని రాసుకునేటోళ్లు ఆ రోజు ఎవరు ఫోన్ చేసినా ఎత్తాలె, అంతకుమించి వాళ్లకు పని లేదు.

సామాన్ల సంగతి: బేగంబజార్ల తాంబాలాలు, ప్లాస్టిక్ బంతి దండలు తీసుకున్న, లాడ్ బజార్ గాజులు ఆదివారం తెస్త. కొరియర్ల వేద్దామంటే 800 డాలర్ల లోపు పార్సిల్స్‌కు ఉండే డ్యూటీ మినహాయింపు 2025 ఆగస్టు 29 నుంచి తీసేసిన్రు, అందుకని వచ్చేటోళ్ల పెట్టెలల్లనే పంపుడు మేలు. తాజా గునుగు, తంగేడు మాత్రం అడగకండి, పూలు ఆకులు తెస్తే దిగినంక డిక్లేర్ చెయ్యాలె, చూసి తీసుకున్నా తీసుకుంటరు. మీ పెరట్ల గునుగు పెట్టినోళ్లు ఎంతమంది ఉన్నరో చెప్తే కొనలకు అద్దే రంగులు పంపుత.

స్టేజి, సౌండ్ టీమ్:
ఫోన్ నేను చేస్తా. నిమజ్జనానికి పిల్లల గాలి పూల్ ఉంది, నీళ్లు పట్టేది కూడా నేనే, హోస్ మాత్రం ఎవరైనా తేవాలి.

వంటల టీమ్:
హోస్ మా ఇంట్ల ఉంది, తెస్త. కొబ్బరి గడి ఇంకా ఖాళీనే ఉంది.

హైదరాబాద్ నుంచి, సామాన్ల టీమ్:
ప్రెస్‌కు కొత్త ప్రూఫ్ చెప్పిన. పేర్ల స్పెల్లింగ్ తెలుగుల టైప్ చేసి ఇక్కడనే పెట్టండి. శుక్రవారం శంషాబాద్‌ల ఎక్కేటోళ్లల్ల ఎవరి రెండో పెట్టెల ఎనిమిది కిలోల జాగ ఉంది?