పైలట్ నోట "ప్రయారిటీ", "మేడే": ఈ రెండూ ఒకటేనా?

"ప్రయారిటీ కావాలి" అన్నా "ఎమర్జెన్సీ" అన్నా భావం ఒకటే కదా, వినేవాళ్లు సందర్భాన్ని బట్టి గ్రహించలేరా అని ఒకరు అడిగారు. మామూలు సంభాషణలో గ్రహిస్తారు. విమానం రేడియోలో అలా వదిలేయడానికి వీల్లేదండీ.

1990 జనవరి 25న న్యూయార్క్ చేరాల్సిన అవియాంకా అనే సంస్థ విమానం (ఫ్లైట్ 52) దిగడానికి అనుమతి దొరక్క గంటకు పైగా గాల్లోనే తిరిగింది. ఇంధనం అడుగంటుతోంది. కోపైలట్ "ప్రయారిటీ" అడిగాడు. దిగే ప్రయత్నం ఒకటి విఫలమయ్యాక, ఎమర్జెన్సీ అని చెప్పమన్నాడు కెప్టెన్. కోపైలట్ మాత్రం ఇంధనం అయిపోతోందని చెప్పి ఊరుకున్నాడు. నేల మీంచి విమానాలకు దారి చెప్పే కంట్రోలర్‌కు ఆ మాట ప్రమాద ఘంటికలా వినిపించలేదు. విమానం కూలి 158 మందిలో 73 మంది చనిపోయారు. అబద్ధం ఎవరూ ఆడలేదు, దాచిందీ లేదు. స్థితిని వర్ణించారు తప్ప ప్రకటించలేదు. నన్ను బాగా కలచివేసేది ఇదే.

ప్రాణాపాయంలో ఉన్నామని రేడియోలో చాటే పిలుపు "మేడే" పుట్టిందే ఈ ప్రకటన కోసం. 1920లలో లండన్ దగ్గరి క్రోయిడన్ విమానాశ్రయంలో రేడియో అధికారి మాక్‌ఫర్డ్, "సాయం చేయండి" అనే ఫ్రెంచి మాట ధ్వనిని బట్టి దీన్ని కూర్చాడు. మూడుసార్లు పలికితే రేడియో గోలలోనూ దాటిపోదు. ప్రాణాపాయం అప్పటికప్పుడు లేకపోయినా తొందర ఉంటే "పాన్-పాన్". ఇంధనం విషయంలో ఇప్పుడు ఇంకా స్పష్టత ఉంది: "మినిమమ్ ఫ్యూయల్" అంటే ఇక ఆలస్యం భరించలేమనే ముందుమాట, అది ఎమర్జెన్సీ కాదు. అత్యవసరానికని ఉంచుకునే చివరి రిజర్వు ఇంధనం కూడా తగ్గకుండా దిగలేమని తేలితే "మేడే ఫ్యూయల్".

మేడే అన్న తర్వాత చెప్పాల్సినవి: రేడియోలో విమానాన్ని గుర్తించే పిలుపు పేరు, ఏం జరిగింది, ఏం చేయబోతున్నాం, ఎక్కడ, ఎంత ఎత్తులో ఉన్నాం. ఇందులో క్రియాపదం చాలా ముఖ్యం. "వెనక్కి రావచ్చా?" అంటే నిర్ణయం అవతలివాళ్ల చేతిలో పెట్టినట్టు. "ఎడమ ఇంజిన్ ఆగిపోయింది, వెనక్కి వస్తున్నాం" అంటే కంట్రోలర్ వెంటనే దారి ఖాళీ చేయించే పనిలో పడతాడు. మన నోట అలవాటుగా వచ్చే "కాస్త", "వీలైతే" లాంటివి ఎదుటివారిని నొప్పించకుండా అడగడానికి పుట్టిన మాటలు. ఇక్కడ అవే ప్రమాదాన్ని చిన్నది చేసి చూపిస్తాయి.

అనవసరంగా మేడే అన్నామేమో అన్న టెన్షన్ కూడా అక్కర్లేదు. పరిస్థితి చక్కబడితే దాన్ని రద్దు చేస్తున్నామని అదే రేడియోలో చెప్పే పద్ధతి ఉంది.