2003లో బెంగళూరు సర్జాపుర రోడ్డులో సైట్ వదులుకున్నాను. నా బాధలో అర్థం ఉందా, లేదా?

బెళ్ళందూర్_బాబాయ్
2003లో సర్జాపుర రోడ్డు నుంచి కొంచెం లోపలికి 30-40 అడుగుల సైట్ (ఇంటి స్థలం) నాలుగు లక్షలకు వచ్చింది. అడ్వాన్సు బ్యాగులో పెట్టుకునే వెళ్ళాను. చుట్టూ నీలగిరి తోట, మోకాలెత్తు గడ్డి, సున్నం కొట్టిన హద్దురాళ్ళు. ఒక రాయి మీద ఎర్ర పెయింటుతో 46 అని రాసి ఉంది. నాకు చూపించింది అదే. కొనలేదు. ఇప్పుడు ఆ వీధిలో కోటి పైనే చెబుతున్నారు. మా ఆఫీసు క్యాబ్ రోజూ అటే పోతుంది. చేసిన తప్పులు బోలెడున్నాయి, అవేవీ ఇంతగా గుర్తురావు. చేయని ఈ ఒక్క పని మాత్రం నిద్ర పట్టనివ్వదు. అందరికీ ఇంతేనా? మీరేం వదులుకున్నారో రాయండి.

మడివాళ_బస్సు
1999లో అమెరికా వీసా స్టాంపు పడ్డాక కూడా వెళ్ళలేదు. అమ్మ ఏడ్చింది. అంతే.

పాత_కాపు
బాబాయ్ గారూ, మీకు ధర ఒక్కటే గుర్తుంది, మిగతాది మరిచిపోయారు. అప్పట్లో అటువైపు అమ్మినవాటిలో రెవెన్యూ సైట్లు కొల్లలు. డీసీ కన్వర్షన్ (సాగుభూమిని ఇళ్ళ స్థలంగా మార్చే ఆర్డరు) లేకుండా పొలాన్ని ముక్కలు చేసి అమ్మేసేవాళ్ళు. అలాంటి వాటికి బ్యాంకు లోను పుట్టేది కాదు. 2007లో చుట్టుపక్కల పురపాలికల్నీ, 110 గ్రామాల్నీ కలిపి బీబీఎంపీ (బెంగళూరు నగరపాలిక) చేశాక కూడా వాటికి దక్కింది బీ ఖాతానే, అంటే సక్రమం కాని స్థలాలకు పన్ను కోసం పెట్టిన వేరే పద్దు. ఆ 110 గ్రామాల కోసమని కట్టిన కావేరి ఐదో దశ నీళ్ళ పథకం మొదలైంది 2024 అక్టోబరులో. అంతవరకూ బోరు ఎండితే ట్యాంకరే దిక్కు. మీ సైట్ కన్వర్టెడేనా? ఈసీ (స్థలం మీద తాకట్లు, అమ్మకాలు చూపే కాగితం) తీయించారా? ఇవి తేలకుండా కోటి పోయిందని ఎలా అంటారు?

ఇంకో లెక్క. నాలుగు లక్షలు ఇరవై ఏళ్ళలో కోటి అయితే ఏడాదికి సుమారు 17.5 శాతం పడుతుంది. 2003 ఏప్రిల్‌లో సెన్సెక్స్ మూడు వేల దగ్గర, 2023 ఏప్రిల్‌లో అరవై వేల దగ్గర. డివిడెండ్లు కలపకుండానే ఇరవై రెట్లు. మరి షేర్లు కొనలేదని మీకు నిద్ర ఎందుకు పట్టడం లేదో?

బెళ్ళందూర్_బాబాయ్
కన్వర్టెడే.

పాత_కాపు
ఆర్డరు కాగితం చూశారా, బ్రోకరు చెప్పాడా?

బెళ్ళందూర్_బాబాయ్
బ్రోకరు చెప్పాడు. అయితే ఏంటి? పక్క సైట్ కొన్నవాడు మూడంతస్తులు లేపి అద్దెలకిచ్చుకున్నాడు. మీ సెన్సెక్స్ మీద నీళ్ళ ట్యాంకు పెట్టి, గదులు కట్టి, పీజీ నడపండి చూద్దాం.

నిమ్మకాయ_పులిహోర
ఇద్దరూ ఆ సైట్‌ని కాసేపు వదలండి. ఆయన అడిగింది వేరే. గిలోవిచ్, మెడ్వెక్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు 1990ల మధ్యలో దీని మీదే పనిచేశారు. ఈమధ్య జరిగినవాటిలో చేసిన పనులు ఎక్కువ గుచ్చుకుంటాయట. జీవితం మొత్తం వెనక్కి తిరిగి చూసుకుంటే మాత్రం చేయనివే. చేసిన తప్పుకు ఏదో ఒక సర్దుబాటు చెప్పుకుంటాం. చేయనిదాన్ని ఎంత గొప్పగానైనా ఊహించుకోవచ్చు, అడ్డేముంది?

పాత_కాపు
అది అమెరికావాళ్ళని అడిగి రాసింది. మన ఇళ్ళల్లో ‘చేయలేదు’ అన్నవాటిలో సగం ‘చేయనివ్వలేదు’. ఆ సగం సంగతి ఎవరూ పైకి చెప్పరు. సైట్ అంటారు, వీసా అంటారు.

శేషాద్రి_సైడ్‌లోయర్
చేయనివ్వలేదు అన్నారు గనుక రాస్తున్నాను. గుంటూరులో ప్రభుత్వ బ్యాంకులో క్లర్కుగా చేసేదాన్ని. ఆఫీసరు ప్రమోషన్ పరీక్ష పాసయ్యాను. ఇంతలో మావారికి బెంగళూరులో ఉద్యోగం వచ్చింది. రాష్ట్రం దాటి బదిలీ కోసం అర్జీ పెట్టాను, రాలేదు. రాజీనామా చేశాను. రాజీనామా చేస్తే బ్యాంకు పెన్షన్‌కు అంతకుముందు సర్వీసంతా లెక్కలోకి రాదు. ఈ సంగతి ఇంట్లో ఒక్కరూ కనుక్కోలేదు. కౌంటరు తాళంచెవులు, నగదు ముట్టినట్టు వేసే ముద్ర అప్పగిస్తుంటే మేనేజరు గారు చెప్పారు. అప్పటికి కాగితం పైకి వెళ్ళిపోయింది. సైట్‌కి మార్కెట్ రేటుంది, లెక్కలేసుకుంటున్నారు. నాదానికి రేటు ఎవరు కడతారు?

బెళ్ళందూర్_బాబాయ్
అమ్మా, బాధగానే ఉంది. కానీ అది మీరు తీసుకున్న నిర్ణయం. నాది వేరు.

శేషాద్రి_సైడ్‌లోయర్
నేను తీసుకున్నానని ఎలా తేల్చారు? ఆయన ఉద్యోగం గుంటూరులో ఉండి, ప్రమోషన్ మీద నాకు బెంగళూరు వస్తే ఆయన మానేసి వచ్చేవారా? ఆయన సంగతి సరే, మీరైతే వచ్చేవారా?

మడివాళ_బస్సు
ఇప్పుడొచ్చింది అసలు ప్రశ్న.

బెళ్ళందూర్_బాబాయ్
ప్రతిదాన్నీ ఆడామగా గొడవ చేయకండి. నేనేం సరదాకి వదులుకోలేదు. అడ్వాన్సు బ్యాగులో ఉందన్నాను కదా? ఆ వారమే ఊరి నుంచి ఫోను. తమ్ముడికి అమెరికాలో ఎమ్మెస్ సీటొచ్చింది, వీసాకి ఖాతాలో డబ్బు చూపించాలి, మొదటి సెమిస్టరు ఫీజు కట్టాలి. నాన్న అడగను కూడా లేదు, ‘ఎప్పుడు పంపుతావు’ అన్నాడు. పంపాను. వాడిప్పుడు డల్లాస్‌లో ఈతకొలను ఉన్న ఇంట్లో ఉన్నాడు. బెంగళూరు వస్తే స్టార్ హోటల్లో దిగుతాడు. మా ఇంట్లో ఏసీ లేదని పిల్లలు ఇబ్బంది పడతారట. మీరు ఈసీ తీశారా, ఖాతా చూశారా అని నన్ను కోర్టులో నిలబెట్టినట్టు అడుగుతున్నారు. ఉన్న నాలుగు లక్షలూ పోగొట్టుకుంటే తెలిసేది.

పాత_కాపు
అక్కడికి వచ్చారు. నేనూ అలాంటి తమ్ముణ్ణే. మా అన్నయ్య యలహంక వైపు అరెకరం కొనబోయి, ఆ డబ్బుతో నన్ను చదివించాడు. కాదనను. కానీ దసరాకి వెళ్ళినా, మా పిల్ల ఓణీల ఫంక్షన్‌కి ఆయన వచ్చినా, ఆ అరెకరం మాటే. 2008లో దేవనహళ్ళిలో ఎయిర్‌పోర్టు మొదలయ్యాక ఇంకా పెరిగింది. ప్రతి ఏడాదీ రేటు కనుక్కుని మరీ చెబుతాడు. నా ఉద్యోగం, నా ఇల్లు, నేను కొన్న కారు అన్నీ ఆ అరెకరంలోంచే మొలిచినట్టు. హోటల్లో దిగేది ఏసీ కోసం కాకపోవచ్చు బాబాయ్ గారూ. నేనూ దిగాను.

బెళ్ళందూర్_బాబాయ్
అంటే తప్పు మాదా? చదివించినవాడు నోరు కూడా మూసుకోవాలా?

పాత_కాపు
ఇచ్చింది సాయమా, అప్పా? సాయమైతే ఇరవై ఏళ్ళు గుర్తుచేయకూడదు. అప్పయితే ఎంతో చెప్పాలి, తీర్చనివ్వాలి. రెండూ మీరే ఉంచుకుంటానంటే ఎలా?

బెళ్ళందూర్_బాబాయ్
ఇంట్లో అప్పు పత్రాలు రాయించుకోవాలా? ఎక్కడ పుట్టారండీ మీరు?

నిర్వాహకుడు
వ్యక్తిగత విషయాల్లోకి వెళ్ళొద్దని మనవి.

నిమ్మకాయ_పులిహోర
ఈ చర్చలో వ్యక్తిగతం కానిది ఆ 17.5 శాతం ఒక్కటే.

పాత_కాపు
ఒక్క మాట అడుగుతాను, కోపం తెచ్చుకోకండి. మీ తమ్ముడు ఎప్పుడైనా తిరిగి ఇస్తానన్నాడా?

బెళ్ళందూర్_బాబాయ్
అన్నాడు ఒకసారి. 2011లో, నాన్న సంవత్సరీకాలకి వచ్చినప్పుడు. పది లక్షలు, చెక్కు రాసి కూడా తెచ్చాడు. వద్దన్నాను. అది వేరే సంగతి.

పాత_కాపు
వేరే సంగతి ఎలా అవుతుంది? ఎందుకు వద్దన్నారు?

బెళ్ళందూర్_బాబాయ్
చెక్కు ఇచ్చేసి మర్నాటి ఫ్లైటుకి పోతాడు. ఆ తర్వాత నాకు ఫోను చేయడానికి వాడికి ఏం మిగులుతుంది?

మడివాళ_బస్సు
ఇప్పుడు చేస్తున్నాడా మరి?

బెళ్ళందూర్_బాబాయ్
ఉగాదికి వాట్సాప్‌లో పచ్చడి బొమ్మ పంపుతాడు.

పాత_కాపు
మా అన్నయ్యా చెక్కు తీసుకోలేదు. నాకిష్టం లేక ఇచ్చానని అనుకున్నాడనుకున్నా. అయినా ఒకటి ఒప్పుకోను, ఆ సైట్ కన్వర్టెడ్ కాదు. ఆ రేటుకి వచ్చే అవకాశమే లేదు.

బెళ్ళందూర్_బాబాయ్
కన్వర్టెడే అని చెప్పానా లేదా?

శేషాద్రి_సైడ్‌లోయర్
అన్నదమ్ముల లెక్కలు అయిపోతే, నేనడిగింది ఇంకా పైన అలాగే ఉంది. ఇద్దరిలో ఒక్కరూ జవాబు చెప్పలేదు.